ఏడాది పాటలు

మా నాన్న ఏ గొలుసునైనా చేతిలోకి తీసుకుని, ఒకసారి వేళ్ళ మధ్య జార్చి, అది ఎవరి పనో చెప్పేసేవారు. ఏ ఊరి పనో కాదు, చేసిన మనిషి పేరుతో సహా. ఎలా తెలుస్తుందని అడిగితే, అతుకు పెట్టే చోట ప్రతివాడికీ ఒక అలవాటు ఉంటుందని, ఆ అలవాటు తనకుందని వాడికే తెలియదని అనేవారు. నేను కంసాలి పని నేర్చుకోలేదు. కంప్యూటర్ చదివి, ఆపైన గ్రంథాలయ పరీక్ష రాసి, మా నరసాపురం శాఖా గ్రంథాలయంలోనే కుర్చీ సంపాదించాను. కానీ నేను తయారు చేసిన యంత్రం అచ్చం మా నాన్న పనే చేస్తుంది. కాకపోతే గొలుసులకు బదులు పాటలు చూస్తుంది. దానికి ఆరా అని పేరు పెట్టాను.

మా ఊళ్ళో అరవై ఏళ్ళ పాటు ఒక భజన సమాజం నడిచింది. దర్జీలు, కంసాలులు, గోదావరి దాటించే పంటు మీద టిక్కెట్లు కోసేవాళ్ళు, ఒక పోస్టుమాను అందులో ఉండేవాళ్ళు. వాళ్ళలో ఏడుగురు సొంతంగా పాటలు కట్టేవారు. చివరి చరణంలో కట్టినవారి ముద్ర, అంటే పేరు, ఉంటుంది. మా నాన్న లక్కోజు భాస్కరాచారి ముద్ర భాస్కరదాసు. పెద్ద పెద్ద వాగ్గేయకారుల కీర్తనలకు ఊరూరా పుస్తకాలున్నాయి. మా ఏడుగురి పాటలు మాత్రం నోటు పుస్తకాల్లోను, అరిగిపోయిన క్యాసెట్లలోను, శుభలేఖల వెనకవైపునా ఉన్నాయి. నాలుగేళ్ళు ఇల్లిల్లూ తిరిగి, తెలిసినవాళ్ళ చేత పాడించి, ఆరు వందల నలభై పాటలు పోగు చేశాను. ఎవరైనా వచ్చి మైకు ముందు రెండు ముక్కలు కూనిరాగం తీస్తే చాలు, పాట మొత్తం, కట్టినవారి పేరుతో తెర మీదకు రావాలని నా కోరిక.

చిక్కంతా ఆ పేరు దగ్గరే వచ్చింది. సగం పాటలకు చివరి చరణం లేదు. చెదలకు కూడా ముద్రలంటేనే ఇష్టం కాబోలు. ముద్ర లేని పాట ఎవరిదని చెప్పాలి? అందుకే ఆరాకు చేతి అలవాటు పట్టడం నేర్పాను. చరణం నుంచి పల్లవికి తిరిగి వచ్చే మలుపులో ఒకరు ఊపిరికి చోటు వదులుతారు, ఇంకొకరు వదలరు. ఒకరికి బాధ కలిగితే రాగం కిందికి దిగుతుంది, మరొకరికి అక్కడే నిలబడిపోతుంది. ఇలాంటివి ఒక్కో మనిషికి రెండు మూడు వందల దాకా ఉంటాయి. పాడే గొంతు ఎవరిదైనా సరే, కట్టిన చేయి ఎవరిదో ఆరా పట్టేస్తుంది.

నేర్పడానికి ముందుగా ఒకరి పాటలు, ఇవి ఖాయంగా ఈయనవే అని చెప్పి దాని చేతికివ్వాలి. నాకు ఖాయంగా తెలిసినవి మా నాన్న పాటలే కదా. వాటిలోనూ ఆయన పోయాక సమాజం పెట్టెలో దొరికిన పన్నెండు పాటలు నాకు కంఠతా వచ్చు. ప్రతి నెలా మాసికం నాడు సమాజం వాళ్ళు మా ఇంటికి వచ్చి, ఒక్కొక్కటే పాడి వెళ్ళారు. ఆ పన్నెండూ ఆరాకు ఇచ్చి, ఇదీ భాస్కరదాసు చేయి అని చెప్పాను. కూతుర్ని కదా, నాకంటే బాగా ఎవరికి తెలుస్తుందనే పొగరు కూడా ఉంది.

మర్నాటికల్లా ఆరా గోవిందు మావయ్యగారి పాటలన్నీ మా నాన్నవే అని తేల్చేసింది.

ఆ ఏడుగురిలో బతికున్నది గోవిందు మావయ్యగారు ఒక్కరే. దర్జీ, మా నాన్నకు ప్రాణ స్నేహితుడు, ముద్ర గోవిందదాసు. ఎనభై నాలుగేళ్ళు. మూడేళ్ళుగా మంచం మీదే ఉన్నారు. కొడుకు చేపల బోటు మీద నెలకు ఇరవై రోజులు సముద్రంలోనే ఉంటాడు. చూసుకునేదంతా కోడలు సత్యవతి. నేను నవ్వుకుంటూ వెళ్ళి, మీరు కట్టినవన్నీ మా నాన్నవేనట, నా యంత్రం చెబుతోంది అన్నాను. ఆయనా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. ఏ పాటలు ఇచ్చి నేర్పావని అడిగారు. చెప్పాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

నేను పుట్టు మొండిని. గ్రంథాలయానికి తిరిగి వచ్చి, ఆ పన్నెండూ తీసేసి, నాన్న బతికుండగా క్యాసెట్లలో పాడిన పాటలిచ్చి మొదటి నుంచీ నేర్పాను. ఈసారి భాస్కరదాసు వేరుగా, గోవిందదాసు వేరుగా శుభ్రంగా విడిపోయారు. పెట్టెలో దొరికిన పన్నెండు మాత్రం గోవిందదాసు పక్కకు వెళ్ళి కూర్చున్నాయి. మిగిలినవాళ్ళ సంగతి చూశాను. పోస్టుమాను పోయాక దొరికిన పాటలు పన్నెండు, అవి మా నాన్న చేయి. పోస్టుమాను కంటే ముందు పోయినాయనవి పన్నెండు, అవి పోస్టుమాను చేయి. పోయిన ఆరుగురికీ ఇదే లెక్క. యంత్రం తప్పు చేస్తే ఇంత పద్ధతిగా చేయదు.

మళ్ళీ వెళ్ళి కూర్చుంటే, దాచి లాభం లేదని గోవిందు మావయ్యగారు చెప్పారు. సమాజంలో అదొక కట్టుబాటట. ఒకరు పోతే, ఏడాది పాటు నెలనెలా ఆ తిథికి ఆ ఇంటికి వెళ్ళి, పోయినాయన ఎన్నడూ పాడని పాట ఒకటి పాడాలి. పెట్టెలో దొరికిందని చెప్పాలి. కట్టేది మాత్రం ఉన్నవాళ్ళలో ఆయనకు బాగా దగ్గరివాడు. కట్టే ముందు ఆ ఇంటికి వెళ్ళి ఊరికే కూర్చోవాలి, ఎన్ని రోజులైనా సరే. పోయినాయన ఆ ఇంట్లో చెప్పకుండా వదిలేసిన మాట ఏదో కనిపెట్టాలి. దాన్ని ఆయన ముద్రతో పాటలో పెట్టాలి. పన్నెండూ అయ్యాక ఆ ఊసు మళ్ళీ ఎత్తకూడదు. వాటికి ఏడాది పాటలని పేరు. ఇంటివాళ్ళకు ఎప్పుడూ తెలియనివ్వరు. తెలిస్తే పాటకు విలువ ఉండదట.

మా అమ్మకు చెప్పొద్దని నా చేయి పట్టుకున్నారు. ఆయన చెప్పనక్కరలేదు. నాకు తెలుసు.

మా నాన్న పోయిన పొద్దున ఇంట్లో చిన్న గొడవైంది. చద్దన్నం ముందు కూర్చుని ఏదో చరణం సరిచేసుకుంటూ, రెండుసార్లు పిలిచినా పలకలేదు. అమ్మకు విసుగొచ్చి, అయితే ఆ పాటలే తినండి అంది. ఆయన కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయారు. పదకొండింటికి కొట్లో, కుంపటి ముందే ఒరిగిపోయారు. ఆ రోజు నుంచి అమ్మ అన్నం మానేసింది. అటుకులు, మజ్జిగ, అంతే. చెప్పినా వినదు, ఏడ్చినా వినదు. రెండు నెలల్లో సగం మనిషయింది. ఈవిడ కూడా ఆయన వెనకాలే వెళ్ళిపోతుందని నేను భయపడ్డాను. మూడో మాసికం నాడు సమాజం ఒక పాట పాడింది. పేరుకు అన్నపూర్ణ మీద పాట.

ఆకలి తీరెను తల్లీ నీ చేతి ముద్దకు
అలిగి లేచిన నాడూ అది నాకు అందెను

అమ్మ విని, లేచి వంటింట్లోకి వెళ్ళి, కంచంలో అన్నం పెట్టుకుని ఏడుస్తూ తింది. పధ్నాలుగేళ్ళుగా రోజూ వంట చేసేటప్పుడు ఆ పాట పాడుకుంటుంది. ఆయన క్షమించారన్న కాగితం అదొక్కటే ఆవిడ దగ్గర ఉంది. దాని మీద సంతకం వేరేవాళ్ళదని చెప్పే యంత్రాన్ని తయారు చేసింది నేను.

నా వృత్తిలో తప్పుడు పేరు రాయడం కంటే పాపం లేదు. ఒక పుస్తకం మీద సంపాదకుడి పేరు రచయితగా పడిందని పై అధికారితో ఆరు నెలలు పోట్లాడిన దాన్ని నేను. పైగా గోవిందు మావయ్యగారు కట్టిన వాటన్నిటిలో గొప్పవి ఆ పన్నెండే. వాటి మీద ఆయన పేరు ఎప్పటికీ రాకుండా పోవడం అన్యాయం కాదా? వారం రోజులు కొట్టుమిట్టాడి, చివరికి ఒక పద్ధతికి వచ్చాను. బయటివాళ్ళకు కనిపించే తెరలో, ముద్ర ఉన్న పాటకు ముద్ర ఒక్కటే వస్తుంది. చేయి ఎవరిదన్న గడికి నూరేళ్ళ తాళం వేయాలి. అప్పటికి నొచ్చుకునేవాళ్ళు ఎవరూ ఉండరు.

ఆ తాళం వేసే పని సోమవారం చేద్దామనుకున్నాను. శనివారం సమావేశానికి భీమవరం వెళ్ళాను. ఇక్కడ మా అమ్మ, తన కూతురు నాలుగేళ్ళుగా చేస్తున్నది ఏమిటో చూద్దామని, చెప్పకుండా గ్రంథాలయానికి వచ్చింది. అటెండరు ఆవిణ్ణి ఆదరంగా మైకు ముందు కూర్చోబెట్టాడు. అమ్మ ఏ పాట పాడి ఉంటుందో వేరే చెప్పాలా? తెర మీద పాట వచ్చింది. కింద ముద్ర భాస్కరదాసు అని వచ్చింది. దాని కింద, కట్టిన చేయి గోవిందదాసు, నూటికి తొంభై ఏడు పాళ్ళు ఖాయం అని వచ్చింది. అమ్మ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, మళ్ళీ పాడిందట. మూడుసార్లు పాడింది. ఆరాకు మొహమాటం నేర్పలేదు నేను. మూడుసార్లూ అదే చెప్పింది.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మ వసారాలో కూర్చుని ఉంది. అన్నం వండింది, నాకు పెట్టింది, తాను తినలేదు. నీకు తెలుసా అని ఒక్క మాట అడిగింది. తెలుసన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అన్నం ముట్టలేదు. మూడో రోజు పొద్దున చీర మార్చుకుని, గోవిందన్నయ్యగారి ఇంటికి తీసుకెళ్ళమంది.

సత్యవతి ఆయన్ను గోడకు చేరగిలబెట్టి, ఎత్తుకు దిండు పెట్టి, లోపలికి వెళ్ళింది. అమ్మ ముక్కుసూటి మనిషి. కుశలం కూడా అడగలేదు.

"ఆ మూడో నెల పాట మీరు కట్టిందేనా అన్నయ్యగారూ?"

"నేనే చెల్లెమ్మా."

"ఆ పొద్దున కొట్టుకెళ్తా మీ దగ్గర ఆగారు కదా. నా మీద కోపం పోయిందని ఏవన్నా అన్నారా? ఒక్క ముక్కన్నా అన్నారా?"

అవును అంటే సరిపోయేది. అనమని నేను కళ్ళతోనే బతిమాలాను. ఆయన నావైపు చూడలేదు.

"లేదమ్మా. నీ మొకం చూసి అబద్ధం చెప్పలేను. కోపంగానే ఉన్నాడు. నా మిషను పక్కన పది నిమిషాలు కూచుని, పలక్కండా ఎల్లిపోయాడు." కాస్త ఊపిరి పీల్చుకున్నారు. "ఆడి కోపం ముప్ఫై ఏళ్ళు చూశాను చెల్లెమ్మా. ఏ రోజూ సాయంత్రం దాకా ఉన్నది కాదు. నీకూ తెల్సు. ఆ రోజు ఆడికి సాయంత్రం లేకండా పోయింది. ఆ సాయంత్రమే నేను కట్టాను."

అమ్మ కళ్ళు ఒత్తుకుంది. పధ్నాలుగేళ్ళూ ఆయన మాట అనుకుని మీ మాట మీద బతికానన్నమాట అంది. మీ మీద నాకు కోపంగా ఉంది, ఆ పాట లేకపోతే ఈపాటికి నేను ఉండేదాన్ని కాదు, రెండూ నిజమే అంది. ఆయన తల ఊపారు. వచ్చేటప్పుడు దారిలో నాతో ఒకే మాట చెప్పింది. మిగతా ఐదిళ్ళ వాళ్ళకీ ఈ సంగతి తెలిసిందో, నీ మెషీను తీసుకెళ్ళి గోదాట్లో పడేస్తానంది.

ఇంటికొచ్చి అన్నం తింది. కానీ ఆ పాట ఇంట్లో ఆగిపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు. ఇది నా యంత్రం చేసిన పని. ఇంకెవరి మీదా పెట్టను. తాళం ఆ రోజే వేశాను, మూడు రోజులు ఆలస్యంగా.

గ్రంథాలయంలో ఆరాను ఊరికి అప్పగించిన రోజు బాగానే జరిగింది. జనం వచ్చారు, కూనిరాగాలు తీశారు. పోస్టుమాను మనవరాలు తాతయ్య ఏడాది పాట ఒకటి తీయించుకుని, తెర ముందు నిలబడి ఏడ్చింది. ఆ పాట కట్టింది మా నాన్న అని ఆమెకు తెలియదు. ఆమె భుజం మీద చేయి వేసిన నాకు తెలుసు. అప్పుడు అర్థమైంది, మా అమ్మ దగ్గర నుంచి నేనేం లాక్కున్నానో.

రెండు నెలలకు గోవిందు మావయ్యగారు పోయారు. ఏడుగురూ అయిపోయారు. పదకొండో రోజు భోజనాలు ముగిశాక నాకొక ఆలోచన పట్టుకుంది. ఆయన మా నాన్నకు కట్టారు, మరి ఆయనకు ఏడాది పాటలు ఎవరు కడతారు? సమాజంలో మిగిలింది పాటకు తాళాలు వాయించే ఇద్దరు ముసలివాళ్ళు. వాళ్ళకు పాడటమే గానీ కట్టడం రాదు. ఆరాకు మాత్రం గోవిందదాసు చేయి లోతుపాతులన్నీ తెలుసు. అలవాట్లు తెలిస్తే కట్టడం ఎంతసేపు? ఆయన ముద్రతో పన్నెండు పాటలు కట్టమన్నాను. కాఫీ తాగి వచ్చేసరికి సిద్ధంగా ఉన్నాయి. మలుపులు, ఊపిర్లు, మాటల ఒడుపు అన్నీ ఆయనవే. ఏ పాటకూ తొంభై తొమ్మిది పాళ్ళకు తక్కువ లేదు. ఆయన సొంత పాటలకే అంత రాదు.

గర్వంగా ఇంటికి తెచ్చి అమ్మకు వినిపించాను. మా మధ్య మాటలు అంతంతమాత్రంగా ఉన్న రోజులవి. బియ్యం ఏరుకుంటూ నాలుగు పాటలు వింది. బాగున్నాయి, ఆయనవే అనిపిస్తున్నాయి అంది. ఐదోది పెట్టబోతుంటే చాలు ఆపమంది.

"ఇందులో సత్యవతి ఏదే?"

ఆ ఇంటికి వెళ్ళి కూర్చున్నది ఎవరు? ఆరా కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

మర్నాటి నుంచి అమ్మ రోజూ మధ్యాహ్నం సత్యవతి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. కూరగాయలు తరిగి పెట్టేది, చింతపండు పిక్కలు తీసేది, ఊరికే కూర్చునేది. రెండు వారాలు తిరిగాక, ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, తనకు తెలిసింది చెప్పింది. మా ఇంటి దుఃఖానికి మాటలు కట్టిన మనిషి, మూడేళ్ళు తనకు స్నానం చేయించి అన్నం కలిపి పెట్టిన కోడలిని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదట. ఏదన్నా కావాలంటే వేళ్ళతో గోడ మీద తట్టేవారట. సత్యవతి ఇప్పుడు కూడా ఎక్కడ ఏ చప్పుడైనా ఉలిక్కిపడి ఆ గదిలోకి పరిగెడుతుందట. ఇది చెబుతూ అమ్మ నవ్వింది, కళ్ళు మాత్రం నిండి ఉన్నాయి.

మా అమ్మకు రాగాల పేర్లు తెలియవు. సమాజం పాడేటప్పుడు ఆడవాళ్ళు లోపల కూర్చుని వినేవాళ్ళే తప్ప ముందుకు వచ్చింది లేదు. నెల తిథి నాడు తాళాల ముసలివాళ్ళిద్దరినీ అటూ ఇటూ కూర్చోబెట్టుకుని, గోవిందు మావయ్యగారి గదిలో ఆవిడే పాడింది. గొంతు రెండుచోట్ల జారింది. దేవుడి పేరు పాటలో ఎక్కడో ఒక మూల ఉంది. సత్యవతి పేరు మాత్రం పల్లవిలోనే ఉంది.

పేరు నాలుక మీద పెట్టుకుని పలుకలేదమ్మ సత్యవతీ
గోడ తట్టిన చేయి గోవిందదాసుది, దండమన్నది ఆ చేయి

సత్యవతి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. చేతిలో గరిటె అలాగే ఉంది. పాట అయ్యాక మెల్లగా వచ్చి ఆయన మంచం అంచున కూర్చుంది.

"మావగారికి నా పేరు తెల్సా అండీ?" అంది.

"పెట్టెలో దొరికిందమ్మా ఈ పాట. ఆయన రాసుకున్నదే," అంది మా అమ్మ, రెప్ప వేయకుండా.

సత్యవతి ఖాళీ పరుపు మీద చేయి వేసి, కడుపులోంచి ఏడ్చింది. మూడేళ్ళదీ కలిపి ఏడ్చింది. మేమెవరం ఆపలేదు. నేను ఇటు తిరిగి మా అమ్మను చూశాను. ఆవిడ ముఖంలో పధ్నాలుగేళ్ళ కిందటి గోవిందు మావయ్యగారు నాకు కనిపించారు. మా ఇంట్లో ఆ మూడో మాసికం నాడు ఆయన కూడా ఇలాగే, ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటారు. అమ్మకూ అదే తోచిందేమో, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దారిలో గ్రంథాలయం దగ్గర ఆగుదామంది. తలుపు తాళం తీశాను. కుర్చీలో సర్దుకుని కూర్చుని, మైకు ముందు పాట మొత్తం మళ్ళీ పాడింది. ఆరా ఎప్పుడూ లేనంత సేపు వెతికింది. తరవాత తెర మీద, ఈ చేయి కొత్తది, ఎవరి పేరు రాయాలి అని వచ్చింది.

ఎవరి పేరు రాయనమ్మా అని అడిగాను. అప్పటికే లేచి చెప్పులు వేసుకుంటోంది.

"గోవిందదాసు అని రాయి. ఇంకా పదకొండు కట్టాలి. ఈసారి ఆ పిల్ల మొగుడు బోటు దిగి ఇంటికొచ్చినప్పుడు వెళ్ళి కూచుంటాను."